ఫ్లారెన్స్ మేబ్రిక్: పదిహేనేళ్ల శిక్ష, తేలని నేరం

భూతగాదా వలననో, కొట్లాట వలననో ఏదో ఒక కాలంలో కోర్టు మెట్లెక్కని కుటుంబం మన సరిహద్దు గ్రామాలలో అరుదు. అలా ఎక్కిన ప్రతివారికీ సాక్ష్యాధార చట్టం అన్న మాట చెవిన పడే ఉంటుంది. 1872లో వచ్చిన ఆ చట్టం 2024 జూన్ నెలాఖరు వరకు, అంటే నూటయాభై ఏళ్లకు పైగా, మన దేశపు న్యాయస్థానాలలో అమలులో ఉండి, ఆ తరువాత భారతీయ సాక్ష్య అధినియమానికి చోటిచ్చింది. ఏది సాక్ష్యం, ఏది వదంతి, ఏ మాటకు ఎంత విలువ ఇవ్వవలెనన్న సంగతిని మనకు చట్టరూపంలో వ్రాసి ఇచ్చిన వ్యక్తి సర్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. వైస్రాయి సభలో న్యాయ సభ్యునిగా రెండున్నరేళ్లు పనిచేసి, ఆయన స్వదేశానికి తిరిగి వెళ్లి న్యాయమూర్తి అయ్యాడు. సాక్ష్యం గురించి అంత తెలిసిన ఆ మనిషే 1889 ఆగస్టులో లివర్‌పూల్ నగరంలో ఇరవై ఆరేళ్ల స్త్రీకి ఉరిశిక్ష విధించాడు. ఆ సాక్ష్యం నిలిచేదేనా అని నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ స్త్రీ పేరు ఫ్లారెన్స్ మేబ్రిక్. ఆమె జీవితకథ ఇది.

ఫ్లారెన్స్ ఎలిజబెత్ చాండ్లర్ 1862 సెప్టెంబరు 3న అమెరికా దక్షిణ భాగంలోని అలబామా రాష్ట్రం, మొబైల్ పట్టణంలో జన్మించింది. అప్పటికి ఆ దేశంలో అంతర్యుద్ధం సాగుతున్నది. తండ్రి కలిగిన వర్తకుడు. బిడ్డ పుట్టకముందే ఆయన కన్ను మూశాడు. తల్లి కారొలీన్ చురుకైన స్త్రీ. కాలక్రమాన ఆమె ఒక జర్మను అశ్వికదళాధికారిని వివాహమాడి బేరొనెస్ ఫాన్ రోక్ అనే బిరుదును పొందింది. అందువలన పిల్ల బాల్యమంతా అమెరికాలో కొంత, ఐరోపాలో కొంతగా గడిచింది. ఎక్కడా స్థిరమైన ఇల్లు లేదు, స్థిరమైన చదువు లేదు. మంచి మాటకారి, అందగత్తె, లోకజ్ఞానం తక్కువ. ఆమెను ఎరిగినవారు చెప్పినది ఇంతే.

1880లో తల్లితో కలిసి బాల్టిక్ అనే ఓడలో ఇంగ్లండుకు ప్రయాణిస్తుండగా ఆమెకు జేమ్స్ మేబ్రిక్ పరిచయమయ్యాడు. అతడు లివర్‌పూల్ ప్రత్తి వర్తకుడు. ప్రత్తి పండించే మన బళ్లారి, రాయచూరు ప్రాంతాల పెద్దలకు లివర్‌పూల్ పేరు కొత్తది కాదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో అక్కడి ప్రత్తి ఆగిపోయినప్పుడు బళ్లారి ప్రత్తికి ఎన్నడూ లేని ధర పలికింది ఆ రేవు పుణ్యమే. జేమ్స్ వయస్సు అప్పటికి నలభై ఒకటి, ఫ్లారెన్స్‌కు పదిహేడు దాటి పద్దెనిమిది. ఓడ ఒడ్డు చేరేసరికే మాట ఖాయమయింది. 1881 జులై 27న లండన్ పికడిల్లీలోని సెయింట్ జేమ్స్ చర్చిలో వివాహం జరిగింది. వధువు కుటుంబానికి ఆస్తి ఉన్నదని వరుడు, వరునికి ఆస్తి ఉన్నదని వధువు తల్లి భావించారు. నిజానికి ఇరువైపులా ఉన్నది హోదాయే గాని ధనం కాదు. ఇటువంటి సంబంధాలు మన వైపు కూడా ఎన్ని చూడలేదు!

మొదట కొన్నాళ్లు వర్జీనియాలోని నార్‌ఫోక్ రేవులో, కొన్నాళ్లు లివర్‌పూల్‌లో కాపురం సాగింది. 1882లో కొడుకు, 1886లో కూతురు కలిగారు. 1888లో దంపతులు లివర్‌పూల్ శివారులోని ఐగ్‌బర్త్‌లో బాటిల్‌క్రీజ్ అనే పెద్ద ఇంటికి మారారు. వంటమనిషి, పనికత్తెలు, పిల్లలకు ఆయా, తోటమాలి, అన్నీ ఉన్న ఇల్లు. దాని వెనుక అప్పులు కూడా ఉన్నాయి. అంతకంటె పెద్ద రహస్యం మరొకటి ఉన్నది. జేమ్స్‌కు పెళ్లికి ముందునుండే మరొక స్త్రీతో సంబంధం, ఆమెతో సంతానం ఉన్నారు. ఆ సంగతి భార్యకు తెలిసిన తరువాత దాంపత్యం పేరుకు మాత్రమే మిగిలింది.

జేమ్స్‌కు ఉన్న ఇంకొక అలవాటు ఈ కథకు కీలకం. 1877లో నార్‌ఫోక్‌లో ఉండగా అతనికి మలేరియా జ్వరం వచ్చింది. ఆ రోజులలో ఆ జ్వరానికి ఆర్సెనిక్, అంటే మనం పాషాణం అనేది, అతి స్వల్ప మోతాదులో మందుగా ఇచ్చేవారు. జ్వరం పోయింది, అలవాటు పోలేదు. లివర్‌పూల్‌లోని ఒక మందుల దుకాణదారు తరువాత కోర్టులో చెప్పినదాని ప్రకారం, జేమ్స్ ఎన్నో ఏళ్లపాటు అతని దుకాణానికి వచ్చి, ఆర్సెనిక్ ద్రావకం కలిపిన బలవర్ధక ఔషధాన్ని రోజుకు రెండు మొదలు ఐదు పర్యాయాలు తాగి వెళ్లేవాడు. మన కల్లంగడిలో నిలబడి తాగి పోయినట్లే. ఫ్లారెన్స్ ఈ అలవాటును గమనించింది. భర్త ఏదో తెల్లని పొడి తింటున్నాడని వైద్యునికి చెప్పింది. 1889 మార్చిలో జేమ్స్ సోదరుడు మైకేల్‌కు లేఖ కూడా వ్రాసింది. మైకేల్ అడిగితే జేమ్స్ కోపించి కాదన్నాడు. ఆ విషయం అక్కడితో ఆగిపోయింది.

ఫ్లారెన్స్ కూడా తప్పు చేసింది. దానిని కప్పిపుచ్చవలసిన పని లేదు. ఆల్ఫ్రెడ్ బ్రయర్లీ అనే యువ ప్రత్తి దళారితో ఆమెకు సాన్నిహిత్యం ఏర్పడింది. 1889 మార్చిలో వారిద్దరూ లండన్‌లో ఒక హోటలులో కలిసి ఉన్నారు. మార్చి 29న గ్రాండ్ నేషనల్ గుర్రపు పందేల వద్ద ఆమె బ్రయర్లీతో కలిసి తిరగడం చూసి జేమ్స్ మండిపడ్డాడు. ఇంటికి వచ్చాక చేయి చేసుకున్నాడు. ఆమె కన్ను నల్లబడింది. మరునాడు ఆమె విడిపోవడం గురించి ఆలోచించింది. కుటుంబ వైద్యుడు మధ్యవర్తిగా వచ్చి రాజీ కుదిర్చాడు.

ఏప్రిల్ నెలాఖరులో ఆమె రెండు మందుల దుకాణాలలో ఈగల కాగితాలు కొన్నది. ఈగలను చంపే ఆ కాగితాలకు ఆర్సెనిక్ పట్టించి ఉండేది. వాటిని నీటిలో నానబెట్టి, గిన్నెపై తువ్వాలు కప్పి పడకగదిలో ఉంచింది. పనికత్తె చూసింది, ఆయాకు చెప్పింది. అదే రోజులలో, ఏప్రిల్ 27న, విరల్ గుర్రపు పందేలకు వెళ్లి వానలో తడిసి వచ్చిన జేమ్స్ మంచం పట్టాడు. వాంతులు, కాళ్ల తిమ్మిరి, గొంతు మంట. ఒకనాడు తేరుకుని మరునాడు దిగజారేవాడు. డాక్టర్ హంఫ్రీస్ అది అజీర్ణమని భావించి మందులిచ్చాడు. ఆ మందులలోనూ స్వల్పంగా ఆర్సెనిక్ ఉన్న ద్రావకం ఒకటి ఉన్నదని పాఠకులు గుర్తుంచుకోవలెను. తరువాత డాక్టర్ కార్టర్ కూడా వచ్చాడు. ఇద్దరికీ విషమన్న ఆలోచన తట్టలేదు.

ఆ ఆలోచన వైద్యులకు రోగలక్షణాల వలన రాలేదు, కుటుంబ సభ్యుల నుండి వచ్చింది.

మే 8న ఆయా ఆలిస్ యాప్ ఈగల కాగితాల సంగతిని కుటుంబ మిత్రురాలు శ్రీమతి బ్రిగ్స్‌కు చెప్పింది. ఆమె వెంటనే లండన్‌లోని మైకేల్‌కు, ఇంటిలో వింత సంగతులు జరుగుతున్నాయి, బయలుదేరి రమ్మని తంతి ఇచ్చింది. ఈ మైకేల్ సామాన్యుడు కాడు. స్టీఫెన్ ఆడమ్స్ అనే పేరుతో పాటలు కట్టిన ప్రసిద్ధ సంగీతకర్త. ది హోలీ సిటీ అన్న కీర్తనకు 1892లో బాణీ కట్టినది ఆయనే. ఆయనకు మొదటినుండీ వదిన గిట్టదు. అదే రోజు మధ్యాహ్నం ఫ్లారెన్స్, బ్రయర్లీకి వ్రాసిన ఒక లేఖను తపాలాలో వేయమని ఆయాకు ఇచ్చింది. దారిలో పిల్ల చేతినుండి అది బురదలో పడిందట. కొత్త కవరు పెట్టడానికని ఆయా దానిని విప్పిందట. విప్పినది చదివి, తపాలాలో వేయక, జేమ్స్ మరొక తమ్ముడు ఎడ్విన్ చేతికిచ్చింది. సాయంత్రానికి మైకేల్ వచ్చాడు. ఆ రాత్రి నుండి ఫ్లారెన్స్ తన ఇంటిలోనే పరాయిదయింది. రోగి వద్దకు జీతపు నర్సులు వచ్చారు. ఆమె చేతి ఆహారం, మందు భర్తకు అందకూడదని ఆజ్ఞ అయింది. మైకేల్ వైద్యులకు తన అనుమానం చెప్పాడు.

మన పల్లెలలో ఇంటిలో ఎవరైనా హఠాత్తుగా కన్నుమూస్తే దూరప్రాంతం నుండి వచ్చిన కోడలి మీదికే మొదట కన్ను పోతుంది. ఆమె భాష వేరు, వంట వేరు, పుట్టింటివారు పలకడానికి దగ్గరలో ఉండరు. ఫ్లారెన్స్ విషయంలోనూ ఇదే జరిగినట్లు నాకు తోస్తుంది. అయితే ఇది మాత్రమే కారణమని అంటే మైకేల్‌కు అన్యాయం చేసినట్లవుతుంది. ఈగల కాగితాలు, ప్రియునికి లేఖ, మంచాన ఉన్న అన్న, ఈ మూడింటినీ ఒకే రోజున విన్న తమ్ముడు ఎవరైనా ఉలిక్కిపడక మానడు. అనుమానించడంలో తప్పు లేదు. అనుమానం ముందు వచ్చి సాక్ష్యం తరువాత వెదకబడితే ఏమవుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

మే 9 రాత్రి ఒక నర్సు చూస్తుండగా ఫ్లారెన్స్ రోగి బల్లమీది మాంసరసం సీసాను తీసుకుని ప్రక్కగదికి వెళ్లి, కొద్దిసేపటికి తిరిగి తెచ్చి పెట్టింది. మరునాడు ఆ సీసాను మైకేల్ వైద్యునికి అందజేశాడు. పరీక్షిస్తే అందులో అర గ్రెయిన్ ఆర్సెనిక్ తేలింది. గ్రెయిన్ అంటే సుమారు అరవై అయిదు మిల్లీగ్రాములు. ఆ తరువాత ఆ సీసాలోనిది రోగికి ఒక్క చుక్క కూడా ఇవ్వలేదు. మే 11 రాత్రి జేమ్స్ మరణించాడు. మూడు రోజులకు, జబ్బుపడి మంచం మీద ఉన్న ఫ్లారెన్స్‌ను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఆ మధ్యలో ఆమె తన గదిలో ఒక విధమైన బందీ. పిల్లలను తీసుకుపోయారు. సహాయం కొరకు బ్రయర్లీకి వ్రాయమని శ్రీమతి బ్రిగ్స్ సలహా ఇవ్వగా ఆమె అమాయకంగా వ్రాసింది. ఆ చీటీ కూడా పోలీసుల చేతికే చేరింది.

1889 జులై 31న లివర్‌పూల్ సెయింట్ జార్జ్ హాలులో విచారణ ప్రారంభమై ఆగస్టు 7 వరకు సాగింది. ప్రభుత్వం తరఫున జాన్ అడిసన్, ముద్దాయి తరఫున నాటి ప్రఖ్యాత న్యాయవాది సర్ చార్లెస్ రస్సెల్ వాదించారు. జ్యూరీలో పన్నెండుగురు పురుషులు. వారిలో ప్లంబర్లు, రైతులు, కిరాణా వర్తకుడు, రొట్టెలు కాల్చేవాడు, ఇళ్లకు రంగులు వేసేవాడు ఉన్నారు. విషశాస్త్రంలో దేశపు పెద్ద పండితులే ఏకాభిప్రాయానికి రాలేని విషయాన్ని వీరు తేల్చవలసి వచ్చింది. నేరస్థులు ఇంగ్లండులో ప్రమాణం చేసి సాక్ష్యమిచ్చే హక్కును 1898 చట్టం గాని ఇవ్వలేదు. కనుక ఫ్లారెన్స్‌కు తన కథను సాక్షిగా చెప్పుకునే వీలు లేదు.

ఆమెపై ఉన్న సాక్ష్యాలను ఇప్పుడు ఒకసారి చూద్దాం.

ఈగల కాగితాలు మొదటివి. వాటి నుండి విషం తీసి భర్తకు పెట్టిందని అభియోగం. ఏప్రిల్ 30న జరగబోయే ముసుగు నాట్యోత్సవానికి ముఖం మీది మొటిమలు పోవడానికి లేపనం చేసుకున్నానని ఆమె సమాధానం. ఆ కాలపు ఐరోపా స్త్రీలు ఆర్సెనిక్ లేపనాలు వాడడం వాస్తవమే. ఆ నాట్యానికి ఆమె మరిది ఎడ్విన్‌తో వెళ్లినదీ వాస్తవమే. కాగితాలను ఆమె తనను ఎరిగిన దుకాణాలలో బహిరంగంగా కొన్నది, పనివారు వచ్చిపోయే గదిలో నానబెట్టింది. విషం పెట్టదలచిన మనిషి ఇలా చేస్తుందా అని రస్సెల్ అడిగాడు. అంతకంటె బలమైన ప్రశ్న మరొకటి ఉన్నది. జేమ్స్ చనిపోయిన తరువాత ఇల్లు వెదికితే పిల్లులకు విషం అని వ్రాసి ఉన్న పొట్లంలోనూ, సీసాలలోనూ ఎందరినో చంపడానికి చాలినంత ఆర్సెనిక్ దొరికింది. అంత పొడి చేతిలో ఉన్న మనిషికి కాగితాలు నానబెట్టే శ్రమ దేనికి? ఆ విషం ఆమెది కాక జేమ్స్‌ది అయితే, అతని అలవాటుకు అదే సాక్ష్యం. వెదికి తీసినవారు కూడా అప్పటికే ఆమెను దోషిగా నమ్మినవారే. అయితే, ఆ పొడిని ఆమె ఎక్కడా కొన్నట్లు తేలలేదు గాని, జేమ్స్ కొన్నట్లు కూడా విచారణలో తేలలేదు. ఈ ముడి అలాగే ఉండిపోయింది.

లేఖ రెండవది. అందులో ఆమె భర్త మరణపర్యంతమైన జబ్బుతో ఉన్నాడన్న అర్థం వచ్చే మాట వ్రాసింది. అప్పటికి వైద్యులు ఆశ వదులుకోలేదు. అతడు చనిపోతాడని ఆమెకెలా తెలుసునని ప్రభుత్వ పక్షం ప్రశ్న. అమెరికా దక్షిణ ప్రాంతంలో బాగా జబ్బుపడిన వారందరి గురించీ అలాగే అంటారని రక్షణ పక్షం జవాబు. రెండు భాషల మధ్య బ్రతికే మన వంటివారికి ఇది సులభంగా అర్థమవుతుంది. తలనొప్పితో చచ్చిపోతున్నానని మనం రోజూ అనుకుంటాం. ఆ మాటను కన్నడిగుడో తమిళుడో అక్షరాలా వ్రాసుకుని న్యాయస్థానంలో చదివితే ఎలా ఉంటుంది? ఈ ఒక్క సాక్ష్యం విషయంలో నేను ఫ్లారెన్స్ పక్షమే. లేఖ వలన ఆమెకు ప్రియుడున్నాడని రుజువవుతుంది, హత్య రుజువు కాదు.

మూడవది మాంసరసం సీసా. ఇదే అన్నిటికంటె బరువైనది. న్యాయమూర్తి అనుమతితో ఆమె ప్రమాణం లేకుండా కోర్టులో ఒక ప్రకటన చదివింది. భర్త తనకు అలవాటైన పొడిని ఆహారంలో కలపమని బ్రతిమాలినాడని, అది ఏమిటో తెలియక కలిపానని, తీరా ఆ రసం అతడు తాగలేదని చెప్పింది. తన తప్పును భర్తకు ఒప్పుకోగా అతడు క్షమించినాడని కూడా అన్నది. జేమ్స్ అలవాటును చూస్తే ఇది జరగదగినదే. కాని భర్త ఏదో తెల్లపొడి తింటున్నాడని అంతకుముందే వైద్యునికి భయపడుతూ చెప్పిన మనిషి, ఇంటిలో అందరూ తనను విషం పెట్టేదానిగా చూస్తున్న రాత్రి, ఏమిటో తెలియని పొడిని సీసాలో కలపడం నమ్మడం కష్టం. ఆమెను సమర్థించే రచయితలు ఈ చోట వేగంగా దాటిపోతారు. దాటిపోకూడదు.

ఇక నాలుగవది శరీరం. మే నెలాఖరులో ఆన్‌ఫీల్డ్ శ్మశానంలో పూడ్చిన దేహాన్ని మరల వెలికితీసి పరీక్షించారు. అవయవాలన్నిటిలో కలిపి దొరికిన ఆర్సెనిక్ అర గ్రెయిన్ కూడా లేదు. మనిషిని చంపడానికి సాధారణంగా రెండు గ్రెయిన్లు కావలెనని వైద్యశాస్త్రం. ప్రభుత్వం పిలిపించిన లండన్ నిపుణుడు స్టీవెన్‌సన్ ఇది విషమరణమే అన్నాడు, మిగిలినది వాంతుల ద్వారా పోయి ఉంటుందన్నాడు. రక్షణ పక్షాన వచ్చిన టిడీ, మక్‌నమారా వంటి నిపుణులు ఇది కడుపు ప్రేగుల వాపు వలన కలిగిన మరణమని, లక్షణాలు ఆర్సెనిక్‌కు సరిపోవడం లేదని చెప్పారు. ఏళ్ల తరబడి ఆర్సెనిక్ మింగిన మనిషి శరీరంలో కొంత ఆర్సెనిక్ ఉండడంలో వింత ఏమున్నదన్నది వారి వాదం. అంటే హత్య చేసినది ఎవరన్న ప్రశ్నకు ముందు, అసలు హత్య జరిగిందా అన్న ప్రశ్నకే జవాబు రాలేదు.

న్యాయమూర్తి స్టీఫెన్ రెండు రోజులపాటు జ్యూరీకి ఉపదేశం చేశాడు. మొదటి రోజు కొంత సమతూకంగానే నడిచింది. రెండవ రోజు ఆమె శీలం మీదికి మళ్లింది. తేదీలు తారుమారు చేశాడు. పరపురుషునితో సంబంధం ఉన్న స్త్రీ భర్తను చంపడానికి వెనుకాడదన్నట్లు మాట్లాడాడు. 1885లో ఆయనకు పక్షవాతం వంటిది వచ్చింది. విచారణ నాటికే బుద్ధి మందగించిందని పలువురు అన్నారు. 1891లో ఆయన పదవి వదులుకోక తప్పలేదు, 1894లో మరణించాడు. మనకు సాక్ష్యాధార చట్టాన్ని వ్రాసిన దినాలలో ఆయన ఇటువంటి ఉపదేశాన్ని వింటే ఏమనేవాడో అనిపిస్తుంది. జ్యూరీ గంట కూడా తీసుకోలేదు. దోషి అన్నారు. న్యాయమూర్తి మరణశిక్ష చదివాడు.

విచిత్రమేమంటే, విచారణ మొదటి రోజున ఫ్లారెన్స్‌ను చూసి ఈసడించిన జనమే చివరి రోజున న్యాయమూర్తి బండిని చుట్టుముట్టి అరిచారు. పత్రికలు వాదించుకున్నాయి. వైద్యులు, న్యాయవాదులు, వేలాది సామాన్యులు విన్నపాలపై సంతకాలు చేశారు. ఇంగ్లండులో అప్పటికి క్రిమినల్ అప్పీలు కోర్టు లేదు. హోం మంత్రి హెన్రీ మాథ్యూస్ ఒక్కడే దిక్కు. ఆయన ఆగస్టు 22న ఉరిని యావజ్జీవ కఠిన శిక్షగా మార్చాడు. అందుకు చెప్పిన కారణం ఈ కథలోకెల్లా ఆశ్చర్యకరమైనది. చంపే ఉద్దేశంతో ఆమె ఆర్సెనిక్ పెట్టినట్లు, పెట్టడానికి ప్రయత్నించినట్లు సాక్ష్యం స్పష్టంగా ఉన్నదట, కాని భర్త ఆ ఆర్సెనిక్ వల్లనే చనిపోయాడనడానికి సందేహం ఉన్నదట. సందేహం ఉంటే హత్యానేరం నిలువదు. హత్యాప్రయత్నం మీద ఆమెను ఎవరూ విచారించలేదు. విచారించని నేరానికి ఒక మనిషి జీవితకాలపు శిక్ష అనుభవించిందని రస్సెల్ తుదివరకు వాదించాడు. 1894లో ఆయన ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఆ పదవిలో ఉండి కూడా ఆమె విడుదల కొరకు ప్రభుత్వానికి వ్రాయడం మానలేదు. 1900లో మరణించే వరకు అదే పట్టుదల. విక్టోరియా రాణి మాత్రం ఆమె దోషి అనే నమ్మింది.

ఫ్లారెన్స్ మొదట వోకింగ్ చెరసాలలో, 1896 నుండి ఐల్స్‌బరీ చెరసాలలో గడిపింది. తొలి తొమ్మిది నెలలు ఏకాంత నిర్బంధం. తల్లి ఐరోపా నుండి ఖర్చులు భరించి చూడడానికి వస్తూ ఉండేది. కూతురు నిర్దోషి అని నిరూపించే పనిలో ఆ తల్లి ఆస్తి కరిగిపోయింది. బిడ్డల ఛాయాచిత్రాలే తల్లికి వారితో మిగిలిన సంబంధం. వారిని బంధుమిత్రులు పెంచారు, తండ్రిని చంపినది తల్లియే అన్న నమ్మకంతో వారు పెరిగారు. జేమ్స్ తన మరణానికి కొద్ది దినాల ముందు వ్రాసిన వీలునామాలో ఆస్తి నిర్వహణను సోదరుల చేతిలో పెట్టి పిల్లలకు చెందేలా చేశాడు. భార్యకు స్వతంత్రంగా దక్కినది స్వల్పం. ధనం కొరకు చంపిందని అనేవారికి ఈ వీలునామా అడ్డు వస్తుంది.

ఆమె 1904 జనవరిలో ఐల్స్‌బరీ వదలి, కార్నవాల్‌లోని ఒక క్రైస్తవ సన్యాసినుల ఆశ్రమంలో కొన్ని నెలలు గడిపి, ఆ వేసవిలో అమెరికా చేరింది. విడుదల చేశారు గాని నిర్దోషి అనలేదు. పదిహేను సంవత్సరాలు పోయాయి. ఆ పోయిన కాలాన్నే పేరుగా పెట్టి తన కథను పుస్తకంగా వ్రాసింది. ఈగల కాగితాల లేపనానికి చిన్ననాటి వైద్యుడిచ్చిన చీటీ విచారణ తరువాత కుటుంబపు బైబిలులో దొరికిందని అందులో పేర్కొన్నది. విచారణ నాడే దొరికి ఉంటే ఎంత బాగుండేది! కొంతకాలం చెరసాలల సంస్కరణ గురించి సభలలో ప్రసంగించింది. క్రమంగా జనం మరచిపోయారు. ఇటు ఇంగ్లండులో 1907లో అప్పీలు కోర్టు ఏర్పడింది. దానికి వెంటనే కారణమైనవి ఇతర కేసులైనా, ఆ కోర్టు కావాలని పోరాడినవారు ఫ్లారెన్స్ పేరును తలచకుండా మాట్లాడేవారు కారు.

1911లో కెనడాలోని ఒక గనిలో పనిచేస్తున్న ఆమె కొడుకు ప్రయోగశాలలో సయనైడును పొరపాటున త్రాగి మరణించాడు. ఏడేళ్ల వయస్సులో విడిపోయిన బిడ్డను ఆమె మళ్లీ చూడలేదు. కూతురు వేల్స్‌లో సంసారం చేసుకుంటూ 1971 వరకు జీవించింది. తల్లీకూతుళ్లు కూడా కలుసుకోలేదు.

1992లో జేమ్స్ మేబ్రిక్‌ది అని చెప్పబడిన ఒక డైరీ బయటపడింది. లండన్‌లో స్త్రీలను చంపిన జాక్ ది రిప్పర్ తానే అని అందులో ఉన్నదట. పరిశోధకులలో అధికులు అది కల్పితమనే తేల్చారు. సంచలనం కోరేవారు ఇప్పటికీ దానిని పట్టుకుని వ్రేలాడుతున్నారు. ఫ్లారెన్స్ కేసుకు దాని వలన కలిగిన లాభమేమీ లేదు.

జీవితపు చివరి ఇరవై ఏళ్లకు పైగా ఆమె కనెక్టికట్ రాష్ట్రంలో, సౌత్ కెంట్ అనే పల్లె సమీపంలో, అడవి అంచున ఒక చిన్న కుటీరంలో ఒంటరిగా నివసించింది. పేరు ఫ్లారెన్స్ చాండ్లర్. భర్త ఇచ్చిన పేరును వదలి తండ్రి ఇచ్చిన పేరుకు మళ్లింది. ఇంటినిండా పిల్లులు. దగ్గరలోని పాఠశాల బాలురు ఆమెకు కట్టెలు, పాలు తెచ్చిపెట్టేవారు. ఒకసారి ఆమె పొరుగువారికి తన పాత నల్లని దుస్తు ఒకటి బహూకరించింది. ఉతికించినప్పటి చీటీ దానికి ఇంకా అంటుకుని ఉన్నది, దానిమీద శ్రీమతి మేబ్రిక్ అన్న పేరు. వారు పాత పత్రికలు చూసి ఈ వృద్ధురాలు ఎవరో తెలుసుకున్నారు. తెలుసుకుని, ఆమెకు గాని ఊరిలో మరెవరికి గాని చెప్పలేదు. ఆమె చనిపోయే వరకు ఆ రహస్యాన్ని కాపాడారు.

1941 అక్టోబరు 23న, డెబ్బై తొమ్మిదవ ఏట, ఆమె ఆ కుటీరంలోనే మరణించింది. సౌత్ కెంట్ పాఠశాల ఆవరణలో ఖననం చేశారు. సమాధి గుర్తు మీద పూర్తి పేరు లేదు. పేరులోని నాలుగు పొడి అక్షరాలు, రెండు సంవత్సరాలు మాత్రమే ఉన్నాయి. ఆ నాలుగవ అక్షరం మేబ్రిక్‌ది.